ఆరు అక్షరాలు, ఒక గీత

1967 ఏప్రిల్ 10, సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు నేను పోస్టల్ సిగ్నలరుగా నా మొదటి ఉద్యోగంలో చేరాను. కోటబొమ్మాళి రైల్వే స్టేషనుకు తూర్పుగా పదకొండు మైళ్ళు, సముద్రానికి రెండున్నర మైళ్ళు ఇవతల ఉన్న ఒక ఉప తపాలా కార్యాలయం అది. నా వయసు ఇరవై మూడు, స్వస్థలం విజయనగరం. ఆ ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. జరిగిన తప్పు నాది, ఊరిది కాదు.

పోస్టల్ సిగ్నలరు అంటే తపాలా గుమాస్తాయే. తొమ్మిది నెలలు మోర్సు నేర్చుకుని, నిమిషానికి ఇరవై మాటల వేగం పరీక్షలో నెగ్గితే ఆ పేరు వస్తుంది. మనియార్డర్లు, రిజిస్టర్లు చూస్తూ ఉండాలి. బల్ల మీది సౌండర్ టకటకమనగానే అవి వదిలి తంతి అందుకోవాలి. సౌండర్ అంటే కరెంటు వచ్చినప్పుడు కిందికి ఒక దెబ్బ, ఆగినప్పుడు పైకి ఒక దెబ్బ కొట్టే ఇత్తడి మీట. రెండు దెబ్బల మధ్య ఎడం తక్కువైతే చుక్క, దానికి మూడింతలైతే గీత. యంత్రం కాగితం మీద ఏమీ ముద్రించదు. చెవి విన్నది చెయ్యి రాస్తుంది. అంతే.

మా తీగ జిల్లా కేంద్రం దాకా ముప్పై ఎనిమిది మైళ్ళు. ఒంటి ఇనప తీగ. మా వైపు చివరి ఆరు మైళ్ళ స్తంభాలూ ఉప్పుగాలిలో నిలబడి ఉండేవి. వాటి మీద తీగను పట్టి ఉంచే పింగాణీ కప్పులకు ఉప్పు పేరుకుని, పైన సన్నని వాన పడితే కరెంటు స్తంభాల వెంట నేలలోకి కారిపోతుంది. అలాంటి రోజుల్లో ఒక్కొక్క మాట తొలి చుక్కలూ గీతలూ పోగొట్టుకుని వచ్చేది. తల లేని మాటలు అనేవాళ్ళం వాటిని.

ఈ తల లేని మాటల కోసమే, చేరిన మూడో నెలలో ఒక పుస్తకం మొదలుపెట్టాను. నూట తొంభై రెండు పేజీల పొడుగు నోటుబుక్కు. నిఘంటువులో మాటలు మొదటి అక్షరం క్రమంలో ఉంటాయి; నా దగ్గర లేనిది ఆ మొదటి అక్షరమే. కాబట్టి తంతుల్లో వచ్చే ఇంగ్లీషు మాటలను చివరి మూడు అక్షరాల క్రమంలో రాసుకున్నాను. ING కి కొన్ని పేజీలు, ION కి కొన్ని, SED కి ఒకటి. అందిన అక్షరాలు ఏవైనా సరే, అవి అదే వరసలో ఉన్న మాటలు ఎన్ని ఉన్నాయో పేజీ తీసి చూసి, సందర్భానికి అతికేదాన్ని ఎంచుకునేవాడిని. పుస్తకం మొదటి పేజీలో ఒకే ఒక నియమం రాసి, కింద ఎర్ర సిరాతో గీత గీశాను: అందిన ప్రతి అక్షరమూ ఆ మాటలో ఉండి తీరాలి. 1968 ఆగస్టు నాటికి ఆ పుస్తకంలో పన్నెండు వందల నలభై మాటలు చేరాయి.

మా సబ్ పోస్టుమాస్టరు జగన్నాథరావు గారు బొబ్బిలి వైపు మనిషి. రిటైరు కావడానికి నాలుగేళ్ళ దూరంలో ఉన్నారు. సాయంత్రం ఐదుకు కౌంటరు మూశాక పేము కుర్చీలో వెనక్కి వాలి అక్షరాలు అడిగేవారు. N, G, H, T, L అనేవారు. ఆ ఐదూ ఉన్న మాటలు చెప్పాలి. LENGTH, LIGHTEN, NIGHTLY అని నేను వరసగా చెప్పేవాడిని. తర్వాత నా వంతు. ఓడినవారు టీ గ్లాసులు కడగాలని ఒప్పందం. పదహారు నెలల్లో నేను గ్లాసులు కడిగింది తొమ్మిది సార్లు. ఈ లెక్క ఇప్పటికీ గుర్తుందంటే ఆనాడు నాకెంత గర్వం ఉండేదో తెలుస్తుంది.

"ఇంగ్లీషువాడు వెళ్ళిపోతూ ఈ అక్షరాల మూట నీకొక్కడికే అప్పజెప్పి పోయినట్టున్నాడయ్యా మూర్తీ" అనేవారు ఆయన, గ్లాసు తిరగేసి నీళ్ళు వంపుతూ. ఆ సాయంత్రాలు గుర్తొస్తే, కిటికీలోంచి వచ్చే ఎండుచేపల వాసన, లక్క కరిగిన వాసన, బ్యాటరీ సెల్లుల్లోని నవాసారం ఘాటు, మూడూ కలిసి ఇప్పటికీ ముక్కుకు తగులుతాయి.

ఆఫీసులో మూడో మనిషి సింహాద్రి. టెలిగ్రాఫ్ మెసెంజరు, సముద్రపు ఒడ్డున ఉన్న మత్స్యకారుల పేటలో పుట్టినవాడు, నలభై దాటినవాడు. ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరూ గుర్తుపట్టేవాడు గాని కూడబలుక్కుని మాట చదవలేడు. అయినా ఏది మంచి తంతో, ఏది చెడ్డ తంతో కవరు అంటించకముందే చెప్పగలిగేవాడు. దానికి కారణం XX. చావు, ప్రాణాపాయం తెలిపే తంతులకు బుక్ చేసిన చోటే తలమీద రెండు X లు వేస్తారు. మిగతావాటిని ఆపి వాటిని ముందు పంపుతారు. సింహాద్రి తంతిని తారు అని, ఆ X లను ఇంటూలు అని అనేవాడు. ఇంటూలున్న తంతి చేతిలో ఉన్న రోజున సైకిలు గంట కొట్టకుండా పేటలోకి వెళ్ళేవాడు. గంట వినబడకుండా సైకిలు కనబడిందంటే పేటకు సంగతి అర్థమయ్యేది.

ఆ పేటలో అప్పన్న అనే ఇరవై ఎనిమిదేళ్ళ మనిషి ఉండేవాడు. ఇంట్లో తల్లి ఎర్రమ్మ, భార్య నీలమ్మ. తండ్రి పోయి ఏడేళ్ళు. పూరీ తీరంలో ఉండే మత్స్యకారుల్లో చాలామంది మన తీరం నుంచి వెళ్ళినవాళ్ళే. తరాలు గడిచినా ఇళ్ళలో మన తెలుగే మాట్లాడతారు. అప్పన్న మేనమామ లచ్చయ్య అలాంటివాడు. ఆయన పేటలో ఒక పడవ కొన్నాడు. దాన్ని పూరీ చేర్చడానికి ఆయన పంపిన ఇద్దరు మనుషులతో కలిసి అప్పన్న ఆగస్టు 3, శనివారం బయలుదేరాడు. సముద్రం మీద దాదాపు నూట ముప్పై మైళ్ళు. నైరుతి గాలి తెరచాపకు అనుకూలం. మూడు రోజుల ప్రయాణం. చేరగానే తంతి కొడతానని ఇంట్లో చెప్పి వెళ్ళాడు.

ఆరో తేదీన వాయుగుండం పట్టింది. నాలుగు రోజులు సముద్రంలోకి ఎవరూ దిగలేదు. తంతి రాలేదు. ఎర్రమ్మ రోజూ రెండున్నర మైళ్ళు నడిచి వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చునేది. ఏమీ అడిగేది కాదు. సౌండర్ మోగినప్పుడు నా ముఖం వంక చూసేది. నేను తల అడ్డంగా ఊపితే కొంగు దులుపుకుని లేచిపోయేది. పన్నెండో తేదీ తర్వాత రావడం మానేసింది. పేటలో ఆశ వదులుకున్నారని సింహాద్రి చెప్పాడు.

పదమూడో తేదీ మంగళవారం, మధ్యాహ్నం మూడు గంటల ఇరవై రెండు నిమిషాలకు సౌండర్ పిలిచింది. బయట సన్నని వాన. పూరీలో బుక్ అయిన తంతి, పేట ఎర్రమ్మకు. మామూలు తరగతి. నేను రాసుకున్నది ఇది:

APPANNA REASED PURI SUNDAY INFORM HOUSE LACHAYYA

తంతితో పాటు చెప్పిన మాటల లెక్క సరిపోయింది. కాని REASED అనే మాట ఇంగ్లీషులో లేదు. అలాంటప్పుడు పద్ధతి ఏమిటంటే, సర్వీసు సందేశం పంపి, రెండో మాట మళ్ళీ చెప్పండి అని బుక్ చేసిన ఆఫీసును అడగాలి. మీట మీద చెయ్యి వేశాను. తీగ చచ్చిపోయి ఉంది. కరెంటును చూపే గాల్వనోమీటరు ముల్లు ఒకవైపుకు వాలి కదలడం లేదు. తీగ ఎక్కడో తెగి తడి నేలను తాకిందని దాని అర్థం. లైన్‌మన్ బయలుదేరి, చోటు కనిపెట్టి, బాగు చేసేసరికి మర్నాడు అవుతుంది. తీగ లేనప్పటి పద్ధతి కూడా రాతపూర్వకంగా ఉంది: వచ్చిన అక్షరాలు వచ్చినట్టే రాసి, ఆ మాట పక్కన సందేహం అని గుర్తుపెట్టి, సవరణ వస్తుందని చెప్పి పంపాలి.

నేను పుస్తకం తీశాను. SED పేజీ. R, E, A, S, E, D వరసగా ఉన్న మాటలు ఐదు దొరికాయి: CREASED, GREASED, INCREASED, DECREASED, RELEASED. ముడత పడ్డ, నూనె పూసిన, పెరిగిన, తగ్గిన, విడుదలైన. మొదటి నాలుగూ మనిషికి అతకవు. జగన్నాథరావు గారు నా భుజం మీదుగా చూసి, పడవ కాగితాలు లేవని ఎవరో పట్టుకుని విడిచిపెట్టి ఉంటారు, RELEASED కావచ్చునన్నారు. పట్టుకున్న సంగతి ముందు రాకుండా విడిచిన సంగతి ఎందుకు వస్తుందని నేను వాదించాను.

అప్పుడు నాకు తట్టింది. తట్టినప్పుడు కలిగిన సంతోషాన్ని దాచను; చిక్కుముడి విప్పినవాడి సంతోషం అది. C అనే అక్షరానికి సంకేతం గీత, చుక్క, గీత, చుక్క. దాని మొదటి గీత పోతే మిగిలేది చుక్క, గీత, చుక్క. అది R. అంటే, నేను విన్న R తల తెగిన C కావచ్చు. దాని ముందు మరి రెండు అక్షరాలు పోయి ఉంటే, D, E. కలిపితే DECEASED. మరణించిన. రెండు అక్షరాలు, ఒక గీత. వానరోజున మా తీగ మాట తలను ఎంత మేరకు మింగుతుందో సరిగ్గా అంతే. కాగితం మీద చుక్కలు, గీతలు వేసి ఆయనకు చూపించాను. అప్పన్న మరణించాడు, పూరీ, ఆదివారం, ఇంట్లో తెలపండి. వాక్యం ఎక్కడా తడుముకోకుండా కూర్చుంది.

DECEASED లో R లేదు. అందిన ప్రతి అక్షరమూ మాటలో ఉండి తీరాలన్న నా నియమాన్ని నేనే దాటుతున్నానని నాకు తెలుసు. కాని ఎర్ర సిరా గీత కంటే నా నిరూపణ గట్టిదనిపించింది.

జగన్నాథరావు గారు నాలుగు గంటల బస్సుకు టపా సంచి సీలు వేస్తున్నారు. లక్క చల్లారిపోతున్నది. తల ఎత్తకుండానే, వచ్చింది వచ్చినట్టు పంపమన్నారు. పేటలో ఎవరికీ ఇంగ్లీషు రాదు, ఇదేమిటని అడిగితే తెలియదని చెప్పమంటారా, చావు కబురు తెలిసి కూడా ఒక రాత్రి దాచమంటారా అని నేను అడిగాను. ఆయన లక్క మీద సీలు నొక్కారు.

"కింద సంతకం నీదే పడుతుంది. చూసుకో" అన్నారు.

మూడు గంటల యాభై ఐదు నిమిషాలకు నేను డెలివరీ ఫారం మీద DECEASED అని రాశాను. సందేహం గుర్తు పెట్టలేదు. బయటి నుంచి అప్పుడే వచ్చిన సింహాద్రికి కాగితం ఇచ్చి, ఏమి చెప్పాలో చెప్పాను. అతను తడి చేతులు లుంగీకి తుడుచుకుని కాగితం తలవైపు చూశాడు.

"ఇంటూలు లేవేటి బాబూ?"

బుక్ చేసినవాళ్ళు మరిచిపోయి ఉంటారన్నాను.

"ఇంటూలు లేని సావు తారు నానెప్పుడూ మొయ్యనేదు బాబూ" అన్నాడు. అయినా తీసుకున్నాడు. వానలో సైకిలు ఎక్కి వెళ్ళాడు. గంట కొట్టి ఉండడు.

మర్నాడు ఉదయం అతను చెప్పిన సంగతులు ఇవి. ఎర్రమ్మ గుమ్మంలోనే నిలబడి విని, ఏ రోజు అని ఒక్క మాట అడిగింది. ఆదివారమని చెబితే, ఆ రోజు తాను ఇంట్లో ఏం చేస్తూ ఉన్నదో గుర్తు చేసుకుంటున్నట్టు పొయ్యి వైపు చూసింది. ఆ తర్వాతే ఏడ్చింది. చీకటి పడకముందే ఆడవాళ్ళు నీలమ్మ గాజులు పగలగొట్టారు. తెల్లవారగానే ఎర్రమ్మ అప్పన్న వల తీయించింది. సముద్రంలో పోయినవాడి వల ఆ ఇంట్లో ఉంచరు, సముద్రానికే ఇచ్చేస్తారు. నలభై బారల నూలు వల. అప్పన్న తండ్రి రెండు వానాకాలాలు కూర్చుని చేత్తో అల్లినది. ఇద్దరు మగవాళ్ళు తెప్ప మీద అలలు దాటించి తీసుకెళ్ళి విడిచి వచ్చారు.

పదకొండు గంటల నలభై నిమిషాలకు తీగ బాగుపడింది. వెంటనే పూరీని అడిగాను. ధ్రువీకరణ వస్తే నా నిరూపణకు ముద్ర పడుతుందనే అనుకున్నాను. ఒంటిగంట పది నిమిషాలకు జవాబు వచ్చింది: రెండో మాట REASED, పంపినవారు రాసినట్టే.

అంటే మా తీగ ఒక్క అక్షరాన్ని కూడా పోగొట్టలేదు. నేను విన్న R నిజంగా R. తెగిన C లేదు, పోయిన D, E లేవు. ముందురోజు నేను వేసిన చుక్కలూ గీతలూ ఇంకా బల్ల మీదే ఉన్నాయి. వాటిలో తప్పు లేదు. అవి దేని గురించో అది మాత్రం జరగలేదు.

మరి REASED అంటే ఏమిటి? జగన్నాథరావు గారూ నేనూ ఆ కాగితం ముందు కూర్చున్నాం. ఆ రోజు అది ఆట కాదు. లచ్చయ్య DECEASED నే తప్పుగా రాశాడేమో అన్నాను. నాకు ఇంకా ఆ మాట మీద మమకారం పోలేదు. పైకి అక్షరాలు చదువుతున్నాను: ఆర్, ఈ, ఏ, ఎస్, ఈ, డి. కలిపి రీస్డ్ అని కూడా పలికి చూశాను. గోడవారన గంజితో కవర్లు అంటిస్తున్న సింహాద్రి ఆగాడు.

"రీసుడా బాబూ?"

దానికి అర్థం ఏమిటని అడిగాను.

"అదేటి బాబూ, కరగపూర్ ఎల్లిన మా కుర్రోలు కొట్టే తారులన్నీ అయ్యే కదా. రీసుడు సేపుగా అని. సేమంగా సేరిపోనాడని." అతని చేతిలో గంజి కుంచె అలాగే ఉంది. "అప్పన్న సేరిపోనాడు బాబూ."

REACHED. చేరాడు.

పదహారు నెలలుగా ఆ తీరంలో ఉన్నాను. చేపను సేప అనడం, చెప్పును సెప్పు అనడం, చూడును సూడు అనడం రోజుకు వంద సార్లు విన్నాను. విజయనగరంలో మా వీధిలోనూ విన్నాను. చ స్థానంలో స పలికే నోరు, రాసేటప్పుడు CH స్థానంలో S రాస్తుందన్నది నా ఆలోచనకే రాలేదు. నాకు పాఠం చెప్పింది తీగ దోషాల గురించి. పూరీలో కౌంటరు దగ్గర నిలబడి మన తెలుగు నోటితో ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటున్న మనిషి గురించి కాదు. పుస్తకం తిరగేశాను. REACHED అనే మాట అందులో ఉంది. HED పేజీలో. నేను ఆ పేజీ తెరవనే లేదు. తెరిచినా, అందులో S లేదు కనుక నా నియమం దాన్ని కొట్టేసేది.

సవరించిన ప్రతి రాసి, నేనే సైకిలు మీద పేటకు వెళ్ళాను. దారంతా గంట కొడుతూ వెళ్ళమని సింహాద్రి చెప్పాడు. ఇసకలో చివరి అర మైలు సైకిలు నడిపించుకుంటూ, ఒక చేత్తో గంట కొడుతూ వెళ్ళాను. జనం బయటికి వచ్చి చూశారు.

ఇంటి ముందు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. జరిగినదంతా చెప్పాను. నా తప్పని చెప్పాను. ఎర్రమ్మ నా వంక కాకుండా కాగితం వంక చూస్తూ అంది:

"నిన్న మజ్జానం సచ్చిపోనాడన్నావు. ఇయ్యాల మజ్జానం బతికున్నాడంతన్నావు. రేపు ఏటంతావు బాబూ?"

పూరీకి నేనే తంతి కొట్టి జవాబు తెప్పిస్తానన్నాను. వల సంగతి తెలిసిందని, నూలు నేను కొనిస్తానని కూడా అన్నాను. అలాంటి చోట అనకూడని మాట అది.

"నూలు నువ్వు కొంతావు. ముడులెవుడేస్తాడు?" అంది. "ఏసినోడు పోయి ఏడేల్లయినాది."

నీలమ్మ లేచి వచ్చి నా చేతిలో కాగితం తీసుకుంది. చేతులు ఒట్టిగా ఉన్నాయి; మణికట్టు మీద గాజు గీరిన గీతలు రెండు ఎండిపోయి ఉన్నాయి. ఏ ముక్క అని అడిగింది. వేలితో చూపించాను. ఆమె కూడా ఆ మాట మీద వేలు పెట్టింది.

"ఇదేనా, ఆడు సేరినాడని?"

అవునన్నాను. ఆమె కాగితం మడిచి రొంటిన దోపుకుంది. నా మాట నమ్మింది ఆ ఇంట్లో ఆమె ఒక్కతే.

పదహారో తేదీన లచ్చయ్య నుంచి జవాబు వచ్చింది: అప్పన్నకు జ్వరం, తగ్గుతున్నది, రాగలడు. ఆ తంతిని నేను వచ్చిన అక్షరాలతో వచ్చినట్టే ఇచ్చాను. FEVER అని ఉండవలసిన చోట FIVER అని ఉంది, అలాగే ఉంచి పక్కన సందేహం గుర్తు పెట్టి, సింహాద్రికి కాగితం మీద ఉన్నదీ, జ్వరమని నేననుకుంటున్నదీ రెండూ చెప్పి పంపాను. పేట రెండుగా చీలింది. మొదటి కాగితం నిజమనేవాళ్ళు పదో రోజు కర్మ జరిపించమన్నారు; తర్వాతి కాగితాలను నమ్మేవాళ్ళు బతికున్నవాడికి కర్మ చేస్తే ఆయుష్షు తగ్గుతుందన్నారు. ఎర్రమ్మ కర్మా చేయించలేదు, కోడలిని గాజులూ వేసుకోనివ్వలేదు. ఆడొచ్చి ఆడి నోటితో సెప్పాలి అనేదట.

ఇరవై ఏడో తేదీ మంగళవారం అప్పన్న పాసింజరు బండిలో కోటబొమ్మాళిలో దిగి, పదకొండు మైళ్ళూ నడిచి, పేటకు పోయే దారిలో మా ఆఫీసు ముందు ఆగాడు. చిక్కిపోయాడు. వాయుగుండంలో తెరచాప పోయి, ప్రవాహం ఎటు లాగితే అటు వెళ్ళి, చివరికి పదకొండో తేదీ ఆదివారం పూరీ ఇసకకు తగిలారట. తాను చచ్చిపోయిన సంగతి రైలు దిగాక, ఎవరో పేట మనిషి కనబడి పారిపోబోతే తెలిసిందట. ఇది చెబుతూ నవ్వాడు. కౌంటరు కమ్మీల మీద మోచేతులు ఆనించి, కోపం ఏమీ లేకుండా అడిగాడు:

"నువ్వు సెప్పిన ముక్కే కదా బాబూ రాయించినాను. నీకే తెలవనేదేటి?"

నాకు అర్థం కాలేదు. అతను గుర్తు చేశాడు. బయలుదేరడానికి రెండు రోజుల ముందు కౌంటరు దగ్గరికి వచ్చి, చేరిన సంగతి తక్కువ మాటల్లో ఎలా రాయించాలని నన్నే అడిగాడు. రీచ్డ్ అని ఒక్క మాట రాయిస్తే చాలని నేనే చెప్పాను. మరిచిపోకుండా ఉండాలని నా ముందే పైకి నాలుగు సార్లు అనుకున్నాడు. సముద్రం మీద ఎనిమిది రోజులూ అనుకున్నాడు. పూరీలో మేనమామకు చెప్పాడు; మేనమామ విన్నది విన్నట్టు అక్షరాల్లో పెట్టాడు. నా కౌంటరు దగ్గర రోజుకు పాతిక మంది ఏదో ఒకటి అడిగేవారు. ఆ సంగతి నాకు బొత్తిగా జ్ఞాపకం లేదు. కాని అతను అనగానే మాత్రం వినబడింది. రీసుడు, రీసుడు, రీసుడు, రీసుడు. నిమిషానికి ఇరవై మాటలు తప్పు లేకుండా అందుకున్న చెవితోనే నేను దాన్ని విని ఊరుకున్నాను.

తాను రాయించిన మాటా, నేను తనను చంపిన మాటా కాగితం మీద రాసి చూపించమన్నాడు. ఒకదాని కింద ఒకటి రాశాను. చాలాసేపు చూసి, రెండూ ఒక్కలాగే ఉన్నాయి, నీ తప్పేముంది అన్నట్టు ఏదో అని, కాగితం తీసుకుని ఇంటికి బయలుదేరాడు. సింహాద్రి అతన్ని సైకిలు వెనక ఎక్కించుకుని, ఆఫీసు మెట్ల దగ్గరి నుంచే గంట కొట్టడం మొదలుపెట్టాడు.

తప్పు నివేదిక నేనే రాసి పై అధికారులకు పంపాను. వివరణ అడిగారు, ఇచ్చాను. నా తర్వాతి ఇంక్రిమెంటు ఆరు నెలలు ఆపారు. జగన్నాథరావు గారు తాను వారించిన సంగతి రాయకుండా, ఇన్‌చార్జిగా తన బాధ్యత కూడా ఉందని రాశారు. ఆయనకు ఒక హెచ్చరిక వచ్చింది. మేము మళ్ళీ అక్షరాల ఆట ఆడలేదు. గ్లాసులు వంతులవారీగా కడిగేవాళ్ళం.

నోటుబుక్కు చివరి పేజీల్లో కొత్త పట్టిక ఒకటి పెట్టాను. దాని క్రమం అక్షరాలది కాదు, నోటిది. అందులో మొదటి మాట REASED. తర్వాత శ్రీకాకుళం, విజయనగరం వైపు పనిచేసిన సంవత్సరాల్లో అందులోకి చేరినవి: SANGE అంటే CHANGE, SILD అంటే CHILD, TEASER అంటే TEACHER. పెళ్ళి MARSH లో అని వస్తే మార్చి నెల. వాటిని నేను చదువుకోగలిగాను గాని ఎప్పుడూ మార్చలేదు. అక్షరాలు వచ్చినవి వచ్చినట్టే రాసి, నా అభిప్రాయం నోటితో చెప్పి పంపేవాడిని. ఆ ఉదంతం నేర్పింది ఇంతే: మాట తీగలోకి ఎక్కకముందు ఒక మనిషి నోట్లో ఉంటుంది, సిగ్నలరు పరీక్షించవలసింది తీగను ఒక్కదాన్నే కాదు. అందిన అక్షరాలతో సరిపోయే మాటలు ఎన్నైనా దొరుకుతాయి. దొరికినంత మాత్రాన పంపినవాడు అన్నది అదే కానక్కర లేదు.

ఆ తంతి వల్ల జరిగిన నష్టం, నాకు తెలిసినంతవరకు ఇది. వల నలభై బారలు. అందులో పదకొండు బారలు మూడో రోజున చిరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, ఇరవై తొమ్మిది బారలు దొరకలేదు. గాజులు, రెండు చేతులకూ కలిపి, పన్నెండు. నీలమ్మ ఒట్టి చేతులతో ఉన్నది పద్నాలుగు రోజులు. నా ఇంక్రిమెంటు ఆరు నెలలు. జగన్నాథరావు గారి సర్వీసు రికార్డులో హెచ్చరిక ఒకటి. తీగ మీద పోయిన అక్షరాలు, ఒక్కటీ లేదు.